తెగుతూనే ఉన్న స్పోక్‌లు: ఒక వెనుక చక్రం, దాన్ని నమ్మి అప్పగించగల షాపు

ఈ కేసు ఒక వెనుక చక్రానిది. దాని యజమాని రోజూ సైకిల్ మీదే ఉద్యోగానికి వెళ్లి వస్తారు; వెనుక క్యారియర్‌కు రెండు వైపులా సంచులు ఉంటాయి, వాటిలో బరువు కూడా బాగానే ఉంటుంది. 622 మిల్లీమీటర్ల రిమ్ము, 32 స్పోక్‌లు, మధ్యలో 135 మిల్లీమీటర్ల వెడల్పు హబ్బు, ఎనిమిది పళ్లచక్రాల క్యాసెట్, రిమ్మును పట్టే బ్రేకులు. ఇందులో అసాధారణమైనది ఏదీ లేదు. ఇలాంటి చక్రాన్ని సరిగ్గా కడితే ఏళ్ల తరబడి ఎవరి చేయీ పడకుండా తిరగాలి. ఈయన చక్రంలో మాత్రం ఒక స్పోక్ తెగేది, షాపులో కొత్తది వేయించి ఔట్ తీయించుకునేవారు (అంటే రిమ్ము పక్కలకు ఊగకుండా సరిచేయించుకునేవారు), కొన్ని వారాలకు మరొకటి తెగేది. తెగిన ప్రతిసారీ షాపు మార్చారు. నా దగ్గరకు వచ్చేసరికి ఆయన దగ్గర రెండు ప్రశ్నలున్నాయి. ఇవి ఎందుకు తెగుతున్నాయి అన్నది మొదటిది. మీరు ఇంత దూరంలో ఉన్నారు, రేపు మళ్లీ ఏదైనా అయితే మా దగ్గర ఎవరిని నమ్మాలి అన్నది రెండోది. చక్రాలు కట్టే వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు వెతకడం నాకు రోజువారీ పనే. రెండోది అంతకంటే కష్టమైనది. అయితే మొదటి ప్రశ్నకు జవాబు దొరికే తీరులోనే రెండోదానికి కూడా జవాబు ఉందని ఈ చక్రం విషయంలో స్పష్టంగా కనిపించింది కనుక, రెండింటినీ కలిపే రాస్తున్నాను.

చక్రాన్ని స్టాండుకు ఎక్కించక ముందు నేను అడిగినది తెగిన స్పోక్‌లు ఉన్నాయా అని. ఉన్నది ఒక్కటే, అది కూడా దారిలో తెగితే ఆయన జేబులో వేసుకున్నది. మిగతావాటిని షాపుల్లో పారేశారు, ఎవరూ ఆయనకు చూపించలేదు. తెగిన స్పోక్ చాలా విషయాలు చెబుతుంది. మధ్యలో తెగితే దెబ్బ తగిలి ఉండాలి, లేదా చైన్ గానీ మరేదైనా గానీ కోసి ఉండాలి. స్పోక్‌ను రిమ్ముకు బిగించే చిన్న నట్టు, అంటే నిపుల్ దగ్గర మర ఉన్న చోట తెగితే స్పోక్ పొడవు చాలలేదనో, నిపుల్ రిమ్ములో వంకరగా కూర్చుందనో అనుమానించాలి. హబ్బు దగ్గర, తలకు ఆనుకుని ఉన్న వంపులో తెగితే లోహం పదే పదే కదిలి అలసిపోయిందని అర్థం. ఆయన తెచ్చినది వంపు దగ్గర తెగినదే. తెగిన ముఖాన్ని భూతద్దం కింద పెడితే సగానికి పైగా నున్నగా, నల్లబడి ఉంది. మిగతా భాగం గరుకుగా, కొత్త లోహపు మెరుపుతో ఉంది. నల్లబడిన భాగంలో పగులు చాలా రోజుల క్రితమే మొదలై మెల్లగా లోపలికి పాకింది; మెరుస్తున్న భాగం చివరి రోజున ఒక్కసారిగా తెగింది. అంటే ఆ స్పోక్ ఏదో గుంతలో పడి తెగినది కాదు. అది తెగిన రోజు ఆయన ఎలా తొక్కారన్న దానితో ఆ తెగడానికి పెద్దగా సంబంధం లేదు.

స్పోక్ ఎందుకు అలసిపోతుందో ఇక్కడ కాస్త చెప్పాలి, ఎందుకంటే మంచి షాపుకూ మామూలు షాపుకూ తేడా అంతా ఈ విషయం తెలియడంలోనే ఉంది. స్పోక్‌లన్నీ బిగించిన తీగల్లా రిమ్మును హబ్బు వైపు లాగుతూ ఉంటాయి. చక్రం నేలను తాకే చోట ఉన్న కొద్ది స్పోక్‌లలో ఆ బిగువు బరువు వల్ల తగ్గుతుంది. ఆ చోటు దాటగానే మళ్లీ మునుపటికి వస్తుంది. ఈ కొలత చక్రం కిలోమీటరుకు సుమారు 460 సార్లు తిరుగుతుంది కనుక, ప్రతి స్పోక్ కిలోమీటరుకు అన్నిసార్లు వదులై బిగుస్తుంది. మొదటి నుంచీ తగినంత బిగువు ఉన్న స్పోక్ ఎంత వదులైనా ఇంకా లాగుతూనే ఉంటుంది, హబ్బు రంధ్రంలో కదలదు. బిగువు చాలని స్పోక్ ప్రతి చుట్టులోనూ పూర్తిగా వదిలేసి మళ్లీ గుంజుకుంటుంది; వంపు రంధ్రంలో అటూ ఇటూ మెదులుతుంది; నిపుల్ కూడా తనంతట తాను తిరిగి ఇంకా వదులవుతుంది. అందుకే స్పోక్‌లు తెగుతున్నాయంటే ఎక్కువ బిగించారని చాలామంది అనుకుంటారు గానీ, నేను చూసిన చక్రాల్లో ఎక్కువ భాగం బిగువు చాలకపోవడం వల్లనో, బిగువు ఒక్కో స్పోక్‌లో ఒక్కోలా ఉండడం వల్లనో పాడైనవే. వెనుక చక్రంలో క్యాసెట్‌కు చోటివ్వడానికి చైన్ వైపు స్పోక్‌లు నిటారుగా నిలబడాల్సి వస్తుంది. రిమ్ము మధ్యలో ఉండాలంటే ఆ వైపు బిగువు ఎక్కువ, ఎడమ వైపు తక్కువ ఉండక తప్పదు. చైన్ వైపు తగినంత బిగించకపోతే ఎడమ వైపుకు దాదాపు ఏమీ మిగలదు.

టైరు, ట్యూబు, క్యాసెట్ తీసి చక్రాన్ని స్టాండుకు ఎక్కించాను. టైరులో గాలి ఉన్నప్పుడు అది రిమ్మును చుట్టూ నొక్కుతుంది, స్పోక్‌ల బిగువు కొంత తగ్గి కనిపిస్తుంది. అసలు కొలత కావాలంటే టైరు తీయాల్సిందే. రిమ్ము పక్కలకు ఊగడం చాలా తక్కువగానే ఉంది. చివరి షాపులో ఔట్ బాగానే తీశారు. కానీ రిమ్ము హబ్బుకు సరిగ్గా మధ్యలో ఉందో లేదో (దీన్నే డిష్ అంటాం) చూపే డిష్ గేజ్ పెట్టి చూస్తే రిమ్ము మొత్తం ఎడమకు దాదాపు 3 మిల్లీమీటర్లు జరిగి ఉంది. ఊగుతున్న చోటల్లా ఎడమ వైపు స్పోక్‌లనే బిగిస్తూ పోయారు, చైన్ వైపు నిపుల్‌లను ముట్టుకోలేదు. జరిగిన రిమ్ముకు తగ్గట్టు బ్రేకు స్ప్రింగు స్క్రూను ఒక పక్కకు తిప్పి బ్రేకును కూడా జరిపారు. తొక్కేవారికి బ్రేకు రాసుకోవడం లేదు, చక్రం ఊగడం లేదు, కాబట్టి పని బాగా చేశారనే అనిపిస్తుంది. స్పోక్ బిగువును కొలిచే టెన్షన్ మీటరు పెట్టినప్పుడు మాత్రం చైన్ వైపు ఒక స్పోక్‌లో 60 కిలోల బలం, పక్కదానిలో దానికి రెట్టింపు కనిపించింది. ఎడమ వైపు కొన్ని స్పోక్‌లలో మీటరు ముల్లు కదలనంత వదులు ఉంది. తిన్నగా తిరిగే చక్రమంతా మంచి చక్రమని అనుకోవడం ఎంత పొరపాటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు.

వేసిన కొత్త స్పోక్‌లు కూడా తమ కథ చెప్పాయి. అసలు స్పోక్‌లు చివర్లలో 2 మిల్లీమీటర్లు, మధ్యలో 1.8 మిల్లీమీటర్లు మందం ఉన్నవి. వేసినవి మొదటి నుంచి చివరి దాకా 2 మిల్లీమీటర్ల సాదావి. మర ఒకటే కాబట్టి అవి ఎక్కుతాయి, తప్పేమీ కాదు; కానీ మీటరు పెట్టే షాపు అయితే మీటరు అంకెను బలంగా మార్చే పట్టికలో ఆ రెండింటికీ వేర్వేరు వరుసలు చూడాలి. ఒకదాని మర నిపుల్ బయటికి కనిపిస్తోంది, అంటే పొడవు చాలలేదు, నిపుల్ తలలో పట్టు లేదు. ఇంకొకటి చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. చైన్ వైపు స్పోక్ మార్చాలంటే క్యాసెట్ తీయాలి, దానికి పళ్ల సాధనమూ, చైన్ ఉన్న కడ్డీ సాధనమూ కావాలి. అవి లేకో, తీరిక లేకో, ఒకరు కొత్త స్పోక్ తల కోసేసి, ఆ చివరను కొక్కెంలా వంచి, క్యాసెట్ వెనుక నుంచి హబ్బు రంధ్రంలోకి తగిలించారు. నడి దారిలో ఇల్లు చేరడానికి అది మెచ్చుకోదగిన ఉపాయమే. దాన్ని పూర్తి రిపేరుగా అప్పగించి, ఆ సంగతి యజమానికి చెప్పకపోవడం మాత్రం సరికాదు. రోజూ బరువు వేసుకుని రోడ్డు మీద వెళ్లే మనిషి ఆ కొక్కెం మీద ఆధారపడి ఉన్నారు.

చివరిగా కనిపించినది అన్నిటికీ మూలం. క్యాసెట్ వెనుక, చైన్ వైపు బయటి వరుస స్పోక్‌ల మీద వంపుకు కొద్ది దూరంలో ఒకే ఎత్తులో గీతలు, కొన్ని గోటితో తడిమినా తెలిసేంత లోతుగా ఉన్నాయి. ఎప్పుడో చైన్ పెద్ద పళ్లచక్రం దాటి స్పోక్‌లలో పడింది. అడిగితే ఆయన గుర్తు తెచ్చుకున్నారు: సైకిల్ కుడి వైపుకు పడిపోయిన తర్వాత ఒక ఎత్తు ఎక్కుతుంటే వెనుక గట్టిగా శబ్దం వచ్చి పెడల్ బిగుసుకుపోయిందట. పడినప్పుడు, చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే డిరైలర్‌ను బిగించే హ్యాంగర్ లోపలికి వంగింది; అందుకే తక్కువ గేరు వేసినప్పుడు చైన్ హద్దు దాటింది. హ్యాంగర్ ఇంకా వంగే ఉంది. ఇన్ని షాపులు తిరిగినా ఎవరూ దాన్ని చూడలేదు, ఎందుకంటే స్పోక్ ఎందుకు తెగిందని ఎవరూ అడగలేదు.

చేయాల్సిన పని అప్పటికి స్పష్టమైంది. గీతలు పడిన స్పోక్‌లు, ఏళ్లుగా వదులుగా మెదిలిన స్పోక్‌లు, పొడవు చాలనివి, కొక్కెం వేసినది, ఇవన్నీ కలిసి ఉన్న చక్రంలో ఒక్కటి మార్చడం వల్ల లాభం లేదు. ఒకే వయసు స్పోక్‌లు వరుసగా తెగుతున్నాయంటే మిగిలినవి కూడా అదే బాటలో ఉన్నాయని నేను లెక్క వేస్తాను. స్పోక్‌లన్నీ, నిపుల్‌లన్నీ కొత్తవి వేయాలి. రిమ్ము, హబ్బు ఉంచవచ్చా అన్నది వాటిని చూసి తేల్చాలి. స్పోక్‌లన్నీ విప్పి రిమ్మును చదునైన అద్దం మీద పెడితే ఎక్కడా పెద్దగా లేవలేదు. స్పోక్ రంధ్రాల చుట్టూ పగుళ్లు లేవు. బ్రేకు రాసుకునే గోడ మీద కొద్దిగా పల్లం పడింది గానీ మందం ఇంకా మిగిలి ఉంది. ఆ గోడ ఒక మిల్లీమీటరుకు దగ్గర పడితే నేను ఆ రిమ్మును తిరిగి కట్టను. హబ్బులో బాల్స్ ఆని తిరిగే కోన్‌ల మీద గుంతలు పడ్డాయి, కాబట్టి కోన్‌లు మార్చి, వైపుకు తొమ్మిది చొప్పున పావు అంగుళం బాల్స్, కొత్త గ్రీజు పెట్టాను. పాత స్పోక్‌లు ఏ దిశలో ఉండేవో కొత్తవి కూడా అదే దిశలో, మూడు దాటులతో, అంటే ప్రతి స్పోక్ అదే వైపున్న మరో మూడు స్పోక్‌లను దాటేలా వేశాను. హబ్బు అంచు మీద పాత స్పోక్‌లు చేసిన అచ్చులు ఉంటాయి, వాటికి అడ్డంగా కొత్త అచ్చులు పడితే అల్యూమినియం అక్కడ బలహీనపడుతుంది.

బిగించడం గురించి ఎక్కువ చెప్పను. మరకు కాస్త నూనె రాసి, చుట్టూ సమానంగా కొద్దికొద్దిగా పెంచుతూ వెళ్లి, చైన్ వైపు 115 నుంచి 120 కిలోల మధ్యకు తెచ్చాను. ఆ రిమ్ముకు అనుమతించిన హద్దు అదే. డిష్ సరిపోయినప్పుడు ఎడమ వైపు దానిలో దాదాపు 60 శాతం నిలిచింది. మధ్య మధ్యలో పక్కపక్కన సాగే స్పోక్‌ల జతలను రెండు చేతులతో పట్టి గట్టిగా నొక్కుతూ వచ్చాను. ఇది చాలామంది చేయరు, కానీ చక్రం ఆయుష్షుకు ఇది చాలా ముఖ్యం. అలా నొక్కినప్పుడు వంపులు హబ్బు మీద సరిగ్గా కూర్చుంటాయి, నిపుల్‌తో పాటు తిరిగిన స్పోక్‌లలో పడ్డ మెలి విడిపోతుంది. ఆ పని స్టాండు మీద చేయకపోతే మొదటిసారి బరువు పడినప్పుడు రోడ్డు మీద టింగు టింగుమంటూ అదే జరుగుతుంది, చక్రం మళ్లీ ఔట్ అవుతుంది. హ్యాంగర్‌ను గేజ్ పెట్టి తిన్నగా చేసి, డిరైలర్ హద్దు స్క్రూ సరిచేసి, బ్రేకును మళ్లీ మధ్యకు తెచ్చాను.

అప్పుడు రెండో ప్రశ్న మిగిలింది. కొత్తగా కట్టిన చక్రాన్ని కొన్ని వారాలు తొక్కాక ఒకసారి చూపించుకోవడం మంచిది. ఆ చూపు ఆయన ఉండే చోటే జరగాలని, దాని ద్వారానే తనకు తగిన షాపును ఎంచుకోవాలని నేను సూచించాను. పరీక్షకు అది సరైన పని. చక్రంలో పెద్ద లోపం ఉండదు, అవసరమైతే కొద్దిగా సవరిస్తే చాలు, ఆ మాత్రం పనిని ఎవరు ఎలా మొదలుపెడతారో చూస్తే మిగతాది తెలుస్తుంది. ఎవరిని అడగాలన్నదానికి కూడా నా అభిప్రాయం చెప్పాను. షాపు గురించి జనం ఇచ్చే మెచ్చుకోళ్లు ఎక్కువగా అమ్మకం గురించీ, మర్యాద గురించీ ఉంటాయి. చక్రం పని గురించి చెప్పగలిగేది రోజూ బరువుతో తొక్కేవాళ్లు, సరుకు చేరవేసేవాళ్లు, దూర ప్రయాణాలు చేసేవాళ్లు. వాళ్ల వెనుక చక్రం ఎవరి చేతిలో బాగుపడి ఎంతకాలం నిలిచిందో అడిగితే ఊరికే పొగిడే జవాబు రాదు.

ఆయన వెళ్లిన మొదటి చోట మెకానిక్ టైరు తీయకుండానే, సైకిల్‌లోనే చక్రాన్ని తిప్పి, బ్రేకు రబ్బరును గుర్తుగా పెట్టుకుని చూసి, నిపుల్ కీ అందుకున్నాడు. అలా చూడడం చేతకాని పని అని నేను అనను; ఎంతోమంది పాత మెకానిక్‌లు స్పోక్‌ను మీటి, శబ్దంలో తేడాను బట్టి బిగువు ఏది తక్కువో మీటరు లేకుండానే పట్టేస్తారు, వారి చెవి మీద నాకు గౌరవం ఉంది. అక్కడ లోపించింది మీటరు కాదు. ఊగని చక్రాన్ని ఎందుకు తెచ్చారని కూడా అడగకుండా కీ పట్టడం ఆయనకు నచ్చలేదు, చక్రాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇంకో పెద్ద షాపులో చక్రాన్ని చేతిలోకి తీసుకోకుండానే కొత్త చక్రం కొనడమే మేలన్నారు. ఆ సలహా ప్రతిసారీ మోసం కాదు. ఫ్యాక్టరీలో కట్టిన సాధారణ చక్రం ఖరీదు కంటే స్పోక్‌లన్నీ మార్చే కూలి ఎక్కువయ్యే సందర్భాలు ఉంటాయి, నిజాయితీపరుడు అప్పుడు ఆ మాటే చెప్పాలి. కానీ చూసి చెప్పడం వేరు, చూడకుండా చెప్పడం వేరు.

చివరకు ఆయన ఎంచుకున్నది ఒక చిన్న పనిచోటు. అక్కడ ఉన్నామె చక్రం అందుకోగానే ముందు జతలుగా స్పోక్‌లను వేళ్లతో నొక్కి చూసి, తర్వాత అడిగిన మాటలు ఆయన నాకు ఫోనులో అలాగే చెప్పారు.

“స్పోక్‌లన్నీ కొత్తవిలా ఉన్నాయండి. ఇంతకు ముందు ఏ వైపు తెగేవి? తల దగ్గరా, నిపుల్ దగ్గరా?”

“చైన్ వైపు, తల దగ్గర.”

“వెనుక బరువు ఎంత వేస్తారు? సైకిల్ ఎప్పుడైనా కుడి పక్కకు పడిందా?”

ఆ చివరి ప్రశ్న విన్నప్పుడు ఇక ఇంకో షాపు చూడనక్కర్లేదని నేను ఆయనకు చెప్పాను. తెగిన చోటు నుంచి కారణానికి, కారణం నుంచి హ్యాంగర్‌కు వెళ్లే దారి ఆమెకు తెలుసు. పని అప్పటికప్పుడు కాదని, టైరు తీసి చూడాలని, రెండు రోజులు ఉంచమని అన్నారట. వెంటనే చేసిస్తామనే మాట వినడానికి బాగుంటుంది గానీ, చక్రం విషయంలో తీరిక లేని షాపు కంటే గడువు అడిగే షాపునే నేను నమ్ముతాను. ఎడమ వైపు ఒక స్పోక్ ఎప్పుడైనా తెగితే ఈ పొడవు మీ దగ్గర ఉంటుందా అని ఆయన అడిగితే, ఆ పొడవు ప్రస్తుతం లేదని, దగ్గరగా ఉన్నది వేసి సర్దడం కంటే సరైనది తెప్పిస్తానని చెప్పారు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాను లెక్కలోకి తీసుకునే మనిషి అన్నమాట. ఈ ఒక్క జవాబు అనేక అలంకారాలున్న షాపుల కంటే ఎక్కువ బరువైనది.

తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె ఒక కాగితం కూడా ఇచ్చారు. చైన్ వైపు స్పోక్‌లలో అత్యధిక, అత్యల్ప బిగువు, ఎడమ వైపు కూడా అవే, డిష్ సరిగ్గా ఉందన్న మాట, సవరించిన రెండు నిపుల్‌లు ఏవో వాల్వు రంధ్రం నుంచి లెక్కించి రాశారు. నేను అప్పగించినప్పటి అంకెలతో పోల్చి చూస్తే బిగువు కొత్త చక్రం కుదురుకున్నప్పుడు తగ్గేంత మాత్రమే తగ్గింది. ఇలా రాసి ఇచ్చే అలవాటు ఉన్న షాపు దొరికితే, తరువాత చక్రం ఎవరి చేతికి వెళ్లినా ముందు ఏం జరిగిందో తెలుస్తుంది. ఈయన చక్రానికి మొదటి షాపులోనే అలాంటి కాగితం ఉండి ఉంటే కొక్కెం స్పోక్ సంగతి రెండో షాపు వారికైనా తెలిసేది.

డిస్క్ బ్రేకులు, కార్బన్ రిమ్ములు ఉన్నవాళ్లు ఇదే పద్ధతి పాటించవచ్చు, ఒక అదనపు ప్రశ్నతో. డిస్క్ ఉన్న ముందు చక్రంలో రోటరు (బ్రేకు పట్టే లోహపు పళ్లెం) వైపు బిగువు ఎక్కువ ఉంటుంది. కొన్ని కార్బన్ రిమ్ములలో నిపుల్‌లు లోపల దాగి ఉంటాయి, టైరు, టేపు తీస్తే తప్ప అందవు. అలాంటి చక్రాలు మీరు ఇంతకు ముందు కట్టారా అని ముందే అడగడంలో మొహమాటం అక్కర్లేదు. చేయలేదని చెప్పి, చేయగలవారి పేరు చెప్పే మెకానిక్ దొరికితే, మామూలు చక్రాలను నిశ్చింతగా ఆ మెకానిక్‌కే అప్పగించవచ్చు.

ఈ కేసులో ఇంకా మిగిలిన పని ఒకటుంది. ఆమె కాగితం చివర రిమ్ము గోడ మందాన్ని రెండు చోట్ల కొలిచి రాసి, బ్రేకు రబ్బరులో ఇసుక, లోహపు తునకలు ఇరుక్కుంటే తీసేయమని, వచ్చే వర్షాకాలం అయ్యాక మళ్లీ కొలిపించమని సూచించారు. తడిలో బ్రేకు వేసినప్పుడు రిమ్ము అరుగుదల ఎక్కువ కాబట్టి ఆ సమయం సరిగ్గా ఎంచుకున్నదే. ఆ కొలత చాలకపోతే ఇవే స్పోక్‌లు, ఇదే హబ్బుతో, స్పోక్ పొడవు మారకుండా అదే లోపలి వ్యాసం ఉన్న కొత్త రిమ్ముకు మార్చాలని ఆయనా ఆమే కలిసి నిర్ణయించుకున్నారు. ఆ పని కూడా అక్కడే జరుగుతుంది.